ఎముక ఊరికే విరగదు

మన విద్యార్థి సంఘం వార్షిక సంచికకు ఏదైనా రాయమనీ, రాసేది అందరికీ అర్థమయ్యేట్టు ఉండాలనీ సంపాదకవర్గం వారు అడిగారు. ఎముకల డాక్టరును గనక ఎముకల సంగతే రాస్తున్నాను. అందులోనూ ఎముకల్లో పుట్టే కంతుల గురించి, ఆ కంతుల వల్ల విరిగే ఎముకల గురించి, వాటికి చేసే ఆపరేషన్ల గురించి. ఇది వైద్య విద్యార్థులకు మాత్రమే పాఠం అనుకోకండి. ఈ జబ్బుల్లో కొన్ని సరిగ్గా హైస్కూలు, కాలేజీ వయసు పిల్లలనే వెతుక్కుంటూ వస్తాయి. కనక కాస్త ఓపికగా చదవమని మనవి.

పాఠం కన్నా ముందు ఒక సంగతి చెప్పాలి.

1978 ఎండాకాలం. మాది దుగ్గిరాల. మా బాబాయి కొడుకు, పదహారేళ్లవాడు, కబడ్డీ ఆడుతూ పడ్డాడు. కుడి మోకాలికి కాస్త పైన నొప్పి, కొంచెం వాపు. మా ఊళ్లో దేనికి కొదవున్నా పసుపుకు కొదవ లేదు. నాయనమ్మ పసుపు, సున్నం కలిపి వెచ్చచేసి ఇస్తే పట్టు వేసింది నేనే. అప్పటికి నేనింకా మెడికల్ కాలేజీ మెట్లు ఎక్కలేదు. నెల గడిచింది. వాపు తగ్గలేదు. "అన్నయ్యా, పగలు ఫర్వాలేదు గాని రాత్రిళ్లే పీకుతోంది" అనేవాడు. ఆ ఒక్క మాటలో ఎంత పాఠం ఉందో నాకప్పుడు తెలియదు. తర్వాత పక్క ఊరి నుంచి కట్టు కట్టే ఆయన్ని పిలిపించారు. నూనె పోసి గట్టిగా మర్దనా చేసి, బద్దలు పెట్టి కట్టు కట్టాడు. మూడో నెలలో ఒకరోజు పిల్లవాడు గడప దాటుతూ కూలబడిపోయాడు. జారలేదు, దేనికీ కొట్టుకోలేదు, గడప దాటాడంతే. తొడ ఎముక విరిగింది.

గుంటూరు తీసుకెళ్లాం. ఎక్స్‌రే చూసి డాక్టరు గారు మా బాబాయితో నెమ్మదిగా అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "ఇది విరిగి జబ్బుపడ్డ కాలు కాదు పెద్దాయనా, జబ్బుపడి విరిగిన కాలు." కాలు తీసేశారు. ఏడాది తిరగకుండానే జబ్బు ఊపిరితిత్తులకు పాకి వాడు పోయాడు.

నేను డాక్టరునయ్యాక ఆ మూడు నెలల్నీ చాలాసార్లు లెక్క వేసుకున్నాను. నిజం చెప్పాలంటే, మొదటి వారమే తీసుకెళ్లినా ఆ రోజుల్లో వాడు బతికే అవకాశం తక్కువే. కాలు తీసేయడం ఒక్కటే వైద్యమైన కాలంలో ఈ జబ్బున్నవాళ్లలో అయిదేళ్లు బతికినవాళ్లు అయిదుగురిలో ఒకరు కూడా ఉండేవారు కాదు. ఇప్పుడు లెక్క మారింది. జబ్బు ఇతర చోట్లకు పాకకముందే వస్తే నూటికి అరవై, డెబ్బైమంది బతుకుతున్నారు. అందులోనూ ఎక్కువమంది తమ కాలితోనే నడుస్తున్నారు. కనక ఆనాటి మూడు నెలలకన్నా ఈనాటి మూడు నెలల ఖరీదు ఎక్కువ. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ఎముక ఎందుకు విరుగుతుంది?

ఎముక అంటే రాయిలాంటి నిర్జీవ పదార్థమని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. ఎముకలో నిత్యం రెండు రకాల కణాలు పనిచేస్తూ ఉంటాయి. ఆస్టియోబ్లాస్టులు ఎముకను కడతాయి. ఆస్టియోక్లాస్టులు పాత ఎముకను కరిగిస్తాయి. కట్టడం, కరిగించడం సమానంగా సాగినన్నాళ్లూ ఎముక గట్టిగా ఉంటుంది. కంతి పుట్టినచోట ఈ లెక్క తప్పుతుంది. చాలా కంతులు కరిగించే కణాలను రెచ్చగొట్టి ఎముకను లోపలినుంచి తినిపిస్తాయి. కొన్ని కంతులు ఎముకను కడతాయి గాని, అది పొంతన లేని పనికిరాని ఎముక.

ఇంటి దూలానికి చెదలు పట్టిందనుకోండి. పైకి రంగు, నునుపు అలాగే ఉంటాయి. ఒకరోజు మామూలు బరువుకే విరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న తొడ ఎముక మన ఒంటి బరువుకు ఎన్నో రెట్లు మోస్తుంది. అది విరగాలంటే లారీ గుద్దుకోవాలి, చెట్టు మీదనుంచి పడాలి. అలాంటి ఎముక మంచం దిగుతుంటేనో, గడప దాటుతుంటేనో విరిగిందంటే లోపల ఏదో ఉందన్నమాట. దీన్నే రోగజన్య అస్థిభంగం, పెథలాజికల్ ఫ్రాక్చర్ అంటారు. దెబ్బ చిన్నది, విరుగుడు పెద్దది అయినప్పుడల్లా అనుమానించాలి. ఇదీ మొదటి సూత్రం.

కంతుల్లో రకాలు

భయపడేముందు ఒక ఊరట మాట. ఎముకలో ప్రతి కంతీ కేన్సరు కాదు. పిల్లల్లో, ముఖ్యంగా భుజం దగ్గర చేతి ఎముకలో, నీటితిత్తి లాంటి బోన్ సిస్టు వస్తుంది. చాలామందిలో చెయ్యి విరిగేదాకా అది ఉన్నట్టే తెలియదు. విరిగిన పెంకు ముక్క తిత్తిలోని నీళ్లలో కిందికి జారి ఎక్స్‌రేలో కనిపిస్తే, రాలిన ఆకు గుర్తు అని దానికి పేరు. అందులో స్టెరాయిడ్ ఇంజక్షను ఇచ్చి నయంచేసే పద్ధతిని 1970లలో ఇటలీ వైద్యుడు స్కాలియెట్టి ప్రచారంలోకి తెచ్చాడు. వయసు పెరిగేకొద్దీ చాలా సిస్టులు వాటంతటవే మాసిపోతాయి కూడా.

రెండోది జెయంట్ సెల్ ట్యూమర్. ఇరవై నుంచి నలభై ఏళ్లవారిలో, మోకాలి చుట్టూ, మణికట్టు దగ్గర, కీలుకు ఆనుకుని వస్తుంది. పాశ్చాత్య దేశాలకన్నా మన దేశంలోను, చైనాలోను ఎక్కువగా కనిపిస్తుంది. 1818లో ఇంగ్లండులో ఆస్ట్‌లీ కూపర్ దీన్ని వర్ణించాడు. ఇది కేన్సరు కాదు. కాని వచ్చినచోట ఎముకను తినేస్తుంది, సరిగా తీయకపోతే మళ్లీ వస్తుంది. బహు కొద్దిమందిలో ఊపిరితిత్తులకు కూడా చేరుతుంది.

మూడోది అసలైన ఎముక కేన్సరు. ఎదిగే వయసు పిల్లల్లో, ఎముక బాగా పెరిగేచోట, అంటే మోకాలికి పైన, కింద, భుజం దగ్గర వచ్చేది ఆస్టియోసార్కోమా. మా తమ్ముడికి వచ్చింది ఇదే. పిల్లల్లోనే వచ్చే ఈవింగ్ సార్కోమా ఇంకొకటి. దానికి జ్వరం, వాపు తోడై చీము పట్టిందేమోనని భ్రమపెడుతుంది.

నాలుగోది ఇంకెక్కడో పుట్టి ఎముకకు చేరే కేన్సరు. పెద్ద వయసువారిలో ఎక్కువగా చూసేది ఇదే. రొమ్ము, ప్రోస్టేటు, ఊపిరితిత్తి, మూత్రపిండం, థైరాయిడ్ కేన్సర్లకు ఎముకలంటే మహా ఇష్టం. ఎముక మూలుగలో పుట్టే మైలోమాను కూడా ఇక్కడే చెప్పుకోవాలి.

మొదటి కోత ఎవరు పెట్టాలి?

పరీక్షల్లో మొదటిది ఎక్స్‌రే. ఇది చాలా చవక, ప్రతి చిన్న ఊళ్లోనూ దొరుకుతుంది. అనుభవం ఉన్న కంటికి సగం సంగతి అందులోనే తెలుస్తుంది. తర్వాత ఎం.ఆర్.ఐ.తో కంతి ఎంతమేర ఉంది, నరాలకు రక్తనాళాలకు ఎంత దగ్గరగా ఉంది చూస్తారు. ఛాతీకి సి.టి. తీసి ఊపిరితిత్తులు చూస్తారు. ఇవన్నీ అయ్యాకే బయాప్సీ, అంటే కంతిలోనుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం.

ముక్క తీయడమే కదా, ఎవరు తీస్తేనేం అనుకుంటాం. అసలు ప్రమాదం అక్కడే ఉంది. సూది వెళ్లిన దారిలో కంతి కణాలు అంటుకుని ఉంటాయని భావించాలి. తర్వాత చేసే పెద్ద ఆపరేషనులో ఆ దారినంతా కంతితోపాటే తీసేయాలి. అందుకే కోత అవయవం పొడవునా ఉండాలిగాని అడ్డంగా ఉండకూడదు. చివరి ఆపరేషను చేయబోయే సర్జనే బయాప్సీ చేయాలి, లేదా ఆయన చెప్పినచోట చేయించాలి. అమెరికాలో హెన్రీ మాంకిన్, ఆయన సహచరులు 329 మంది రోగుల వివరాలు సేకరించి 1982లో ప్రకటించారు. అందులో నూటికి 18 మంది విషయంలో రోగనిర్ణయమే పెద్ద పొరపాటు. నూటికి నాలుగున్నర మందికి, బయాప్సీ తిన్నగా జరిగి ఉంటే అక్కర్లేని కాలో చెయ్యో తీసేయాల్సి వచ్చింది. అనుభవం లేనిచోట బయాప్సీ చేసినప్పుడే ఈ తప్పులు ఎక్కువగా జరిగాయని కూడా తేలింది.

దీనికన్నా పెద్ద పొరపాటు ఇంకొకటి ఉంది. ఎముక విరిగి వచ్చిన యువకుడిని మామూలు ఫ్రాక్చరు అనుకుని, బయాప్సీ లేకుండా మూలుగలో పై నుంచి కిందిదాకా రాడ్డు దింపడం. లోపల సార్కోమా ఉంటే ఆ రాడ్డు కేన్సరు కణాలను ఎముక పొడవునా నాటినట్టే. దక్కవలసిన కాలు దక్కకుండా పోతుంది. మెడికల్ విద్యార్థులు ఈ పేరా కింద గీత గీసుకోవచ్చు. అనుమానం ఉన్న ఫ్రాక్చరుకు తొందరపడి రాడ్డు వేయకూడదు. పిండికట్టుతో కదలకుండా ఉంచి, ముందు జబ్బు పేరు తెలుసుకోవాలి.

గోకి నింపడం

ఇక ఆపరేషన్లు. జెయంట్ సెల్ ట్యూమర్‌కు చేసే పని, పుచ్చుపన్నుకు పంటి డాక్టరు చేసే పనిలాంటిది. ఎముకకు పెద్ద కిటికీ తెరిచి, లోపలి కంతిని పూర్తిగా గోకి తీస్తారు. దీన్ని క్యూరెటేజ్ అంటారు. ఒకప్పుడు అంతటితో వదిలేస్తే చాలామందికి తిరిగి వచ్చేది. ఇప్పుడు వేగంగా తిరిగే బర్రుతో గోడలను ఇంకా లోతుగా అరగదీస్తారు. కొందరు ఫినాలు గాని ద్రవ నైట్రోజన్ గాని వాడతారు. తర్వాత ఆ గుంతను బోన్ సిమెంటుతో నింపుతారు. ఇది గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, ఆ వేడికి మిగిలిపోయిన కణాలు కొన్ని చస్తాయి. పైగా కంతి మళ్లీ వస్తే సిమెంటు అంచున ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపిస్తుంది. అవసరమైతే ప్లేటు, స్క్రూలు బిగిస్తారు. కంతి మరీ పెద్దదైతే డెనోసుమాబ్ అనే ఇంజక్షను కూడా ఉంది. 2013లో అమెరికాలో ఈ జబ్బుకు దాన్ని అనుమతించారు.

మా వైపు పసుపు కొట్లలో పనిచేసే ఒకామె, ఇరవై ఎనిమిదేళ్లది, ట్రాక్టరు దిగుతూ మోకాలు మడతపడి నా దగ్గరకు వచ్చింది. ఎక్స్‌రేలో తొడ ఎముక కింది భాగం లోపల బోలుగా ఉంది, పెంకు పగిలింది. "డాక్టరు గారూ, కాలు తీసేస్తారా? ఇద్దరు చంటిపిల్లలండీ" అని ఒకటే ఏడుపు. బయాప్సీలో జెయంట్ సెల్ ట్యూమర్ అని తేలింది. గోకి, సిమెంటు నింపి, ప్లేటు వేశాం. ఆరు నెలలకు కర్ర కూడా లేకుండా నడిచి వచ్చింది. పడిన మర్నాడే ఎక్స్‌రే తీయించుకోవడం ఆమె చేసిన మంచిపని. తక్కింది మా పని.

తీసి, కొత్తది పెట్టడం

ఆస్టియోసార్కోమాకు గోకుడు పనికిరాదు. కంతిని కత్తి తాకకూడదు, కంటితో చూడనుకూడా కూడదు. పసుపు దుంపను చుట్టూ మట్టిగడ్డతో సహా పెళ్లగించినట్టు, చుట్టూ ఆరోగ్యమైన కండ పొరతో సహా ఒకే ముద్దగా తీయాలి. నరాలు, రక్తనాళాలు దక్కి, కణాలు మిగలకుండా తీయగలిగితే కాలు ఉంచవచ్చు. లేకపోతే కాలు తీయాలి. ప్రాణం ముందు, తర్వాతే కాలు. ఈ వరసను ఏ డాక్టరూ తిరగెయ్యకూడదు.

అలా తీసిన ఎముక జాగాలో ఏం పెట్టాలి? 1940లో అమెరికాలో ఆస్టిన్ మూర్, హెరాల్డ్ బోల్‌మన్ ఒక రోగికి తుంటి దగ్గరి తొడ ఎముక పైభాగం తీసి, దాని బదులు లోహపు ఎముక పెట్టారు. ఆ రోగి జబ్బు జెయంట్ సెల్ ట్యూమరే. ఇవాళ మన ఇళ్లలో బాత్‌రూములో జారిపడి తుంటి విరిగిన పెద్దవాళ్లకు వేసే ఆస్టిన్ మూర్ గుండు, ఆ వరసలో పుట్టిందే. కంతి వైద్యం కోసం చేసిన ఆలోచన లక్షలాది వృద్ధులకు పనికొచ్చిందన్నమాట.

మోకాలితో సహా సగం తొడ ఎముకను మార్చే పెద్ద కీలును మెగా ప్రొస్థెసిస్ అంటారు. విదేశీ కీళ్లు మనవాళ్లకు అందని ధర. మద్రాసులో డాక్టర్ మయిల్‌వాహనన్ నటరాజన్ 1980ల చివరినుంచి రోగి కొలతలకు తగ్గట్టు ఇక్కడే తయారుచేయించిన కీళ్లతో ఈ ఆపరేషన్లు చేసి చూపించారు. దానితో సామాన్యులకు కూడా కాలు నిలుపుకునే దారి తెరుచుకుంది. రోగి కాలి పిల్ల ఎముకను అమర్చడం, తీసిన ఎముకనే రేడియేషనుతో శుద్ధిచేసి తిరిగి పెట్టడం వంటి పద్ధతులు కూడా ఉన్నాయి. లోహపు కీలుకు చీము పట్టవచ్చు, కొన్నేళ్లకు వదులు కావచ్చు. ఆ సంగతి రోగికి ముందే చెప్పాలి.

కాలు తీయక తప్పనివారు బతుకు అయిపోయిందనుకోకూడదు. ఆస్టియోసార్కోమాకు 1977లో కాలు పోగొట్టుకున్న కెనడా కుర్రవాడు టెర్రీ ఫాక్స్ 1980లో కృత్రిమ పాదంతో 143 రోజులు పరుగెత్తి, 5,373 కిలోమీటర్లు వెళ్లాడు. జబ్బు ఊపిరితిత్తులకు చేరి 1981లో కన్నుమూశాడు గాని, అతని పేరున కేన్సరు పరిశోధనకు చందాలు ఇప్పటికీ పోగవుతున్నాయి. మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే 'మయూరి' సినిమా గుర్తుచేసుకోండి. సుధాచంద్రన్ కాలు పోయింది ప్రమాదంలో, కంతి వల్ల కాదు. కాని జైపూరు పాదంతో ఆమె మళ్లీ నాట్యం చేసిన సంగతి కాలు పోయిన ఎవరికైనా ధైర్యమే.

భీమవరంలో పుట్టినాయన మందు

1970లకు ముందు కాలు తీసేసినా పిల్లలు ఎందుకు పోయేవారు? ఎక్స్‌రేలో కనపడని కణాలు అప్పటికే ఊపిరితిత్తులకు చేరి ఉండేవి గనక. కత్తి అందనిచోటికి మందే వెళ్లాలి. ఆ మందు కథలో మన తెలుగువాడు ఉన్నాడు.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి అమెరికా వెళ్లారు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన పరిశోధకుల బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. దానికి విరోధులైన మందులనూ తయారుచేసింది. అందులో ఒకటి మెథోట్రెక్సేట్. కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. ఈ మందు ఆ దారిని మూసేస్తుంది. సుబ్బారావు గారు 1948లోనే పోయారు. 1972లో నార్మన్ జాఫే బృందం, ఈ మందునే చాలా పెద్ద మోతాదులో ఇస్తే ఊపిరితిత్తులకు పాకిన ఆస్టియోసార్కోమా కంతులు తగ్గుతున్నాయని ప్రకటించింది. అంత మోతాదు ఆరోగ్యమైన కణాలనూ చంపేస్తుంది. అందుకని సుమారు 24 గంటల తర్వాత ల్యూకోవోరిన్ అనే విరుగుడు మందు మొదలుపెట్టి వాటిని కాపాడతారు. చేలో కలుపుమందు కొట్టి, సమయం చూసి పైరును బతికించుకోవడం లాంటిది. 1973లో పన్నెండేళ్ల వయసులో ఎముక కేన్సరుతో కాలు పోగొట్టుకున్న ఎడ్వర్డ్ కెన్నెడీ జూనియర్‌కు కూడా ఈ మందే వాడారు.

ఇప్పుడు మెథోట్రెక్సేట్, ఏడ్రియామైసిన్, సిస్‌ప్లాటిన్ కలిపి ఇవ్వడం వాడుక. ముందు కొన్ని వారాలు మందులు, తర్వాత ఆపరేషను, మళ్లీ మందులు. తీసిన కంతిలో ఎంతభాగం చచ్చిందో సూక్ష్మదర్శినిలో చూస్తారు. నూటికి తొంభై వంతులు చచ్చి ఉంటే మంచి గుర్తు. ఎముక విరిగి వచ్చిన పిల్లలకు ఒకప్పుడు కాలు తీయడమే మార్గమనేవారు. మందుల కాలంలో అది మారింది. కంతి తగ్గి, విరిగినచోట అతుకు పడుతుంటే వారిలోనూ చాలామందికి కాలు నిలపవచ్చు.

విరగకముందే కాపాడటం

పెద్దవారిలో వేరేచోటినుంచి చేరిన కేన్సరు సంగతి వేరు. అక్కడ మన ధ్యేయం నొప్పి తగ్గించడం, మంచాన పడకుండా చూడటం. విరిగాక బాగుచేయడంకన్నా విరగకముందే రాడ్డు వేయడం సులువు. మరి ఎవరికి వేయాలి? 1989లో మిరెల్స్ అనే వైద్యుడు ఒక చక్కని లెక్క చెప్పాడు. నాలుగు అంశాలు, ఒక్కొక్కదానికి ఒకటినుంచి మూడు మార్కులు.

చోటు: చెయ్యి 1, కాలు 2, తుంటి దగ్గర 3.
నొప్పి: కొద్దిగా 1, ఓ మోస్తరు 2, బరువు మోపితే ఎక్కువైతే 3.
రకం: ఎముక గట్టిపడితే 1, కలగలుపు 2, తినేస్తే 3.
పరిమాణం: ఎముక మందంలో మూడోవంతు లోపు 1, మూడింట రెండువంతుల దాకా 2, ఆపైన 3.

మొత్తం 9 గాని అంతకు మించిగాని వస్తే ముందుగానే రాడ్డు వేయాలి. 7 లోపు అయితే రేడియేషను ఇచ్చి కనిపెట్టి ఉండవచ్చు. 8 దగ్గర డాక్టరు విచక్షణ. ఉదాహరణకు రొమ్ము కేన్సరుకు వైద్యం చేయించుకున్న అరవై ఏళ్ల తల్లి, నడిస్తే తొడ నొప్పి అంటుంది. తుంటి దగ్గర సగం మందం తినేసి ఉంది. 3, 3, 3, 2, మొత్తం 11. ఇంకా ఆలోచించే పనిలేదు. "వయసు నొప్పులేలే అమ్మా" అని ఇంట్లో తీసిపారేసేది సరిగ్గా ఇలాంటి నొప్పినే.

గుర్తుంచుకోవలసినవి

ఒకటి: పిల్లల్లో గాని, యువకుల్లో గాని ఒకేచోట నొప్పి రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే, ముఖ్యంగా రాత్రిళ్లు నిద్రలేపితే, ఎక్స్‌రే తీయించండి.

రెండు: "ఆటలో దెబ్బ తగిలింది" అన్న కారణంతో సరిపెట్టుకోకండి. దెబ్బ కంతిని పుట్టించదు, ఉన్నదానిమీద మన దృష్టి పడేట్టు చేస్తుందంతే.

మూడు: ఎక్స్‌రే చూడకుండా వాపును మర్దనా చేయించకండి, కట్టు కట్టించకండి.

నాలుగు: ఎముకలో కంతి అని తెలిశాక బయాప్సీకి, ఆపరేషనుకు అలాంటి కేసులు చేసే పెద్దాసుపత్రికే వెళ్లండి. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి మనకు దగ్గర. హైదరాబాదులో ఎం.ఎన్.జె., నిమ్స్, బసవతారకం ఆసుపత్రులు, మద్రాసులో అడయారు కేన్సరు సంస్థ ఉన్నాయి. పేదవారికి ప్రభుత్వ ఆరోగ్య పథకంలో సాయం అందుతుంది. డబ్బు లేదని ఇంట్లో కూర్చోవద్దు.

పసుపును నేను తక్కువ చేయను, దాన్ని తిని పెరిగినవాణ్ణే. కాని పసుపు పట్టు చర్మం దాటి తొడ ఎముక లోపలికి వెళ్లదు. ఈసారి సెలవులకు ఇళ్లకు వెళ్లినప్పుడు, మీ తమ్ముడో చెల్లెలో "రాత్రిళ్లే నొప్పి" అంటే, ఆ మాట వినిపించుకోండి. పట్టు పక్కన పెట్టి, మర్నాడు పొద్దున మొదటి బస్సుకు తెనాలో గుంటూరో తీసుకెళ్లి ఒక ఎక్స్‌రే తీయించండి. ఏమీ లేదంటే నవ్వుకుంటూ ఇంటికి రండి. ఉందంటే, వాడి కాలు, ప్రాణం రెండూ దక్కే రోజుల్లోనే మీరు వచ్చారన్నమాట.